సమితి, గణము, జాతి: సముదాయవాచకముల అర్థవిచారము

ఒక పండితగృహమున జరిగిన చిన్న సంభాషణతో ఈ విచారమును ప్రారంభించుట యుక్తము. ఉన్నతపాఠశాలలో చదువుచున్న బాలిక ఒకతె గణితపుస్తకము చేతబట్టుకొని, సాయంకాలపు పాఠము ముగించి అరుగుపై కూర్చున్న తాతగారి కడకు వచ్చెను. “తాతగారూ, శూన్యసమితిలో ఒక్కటీ ఉండదని మాష్టారు చెప్పారు. మళ్లీ అదే ప్రతి సమితికీ ఉపసమితి అన్నారు. ఏమీ లేనిది అన్నిటిలోనూ ఎట్లా ఉంటుంది?” అని అడిగెను.

ఆ వృద్ధుడు దశాబ్దులుగా కౌముదియు తర్కసంగ్రహమును పాఠము చెప్పినవాడు. శూన్యమనిన నెరుగును. సమితి యనిన నెరుగును. ఉప యను ఉపసర్గకు గల అర్థములన్నియు నెరుగును. పదార్థములన్నియు తెలిసియుండగా వాక్యార్థము మాత్రము తెలియకపోయెను. “రేపు చెప్తాను తల్లీ, ఆ పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్లు” అనెను. ఆ రాత్రి ఆ పుస్తకమును ముందిడుకొని ఆయన కూర్చుండెను. ఆయనకు ఎదురైన సంకటము ప్రాచ్యకళాశాలలలో బోధించు వారందరికిని ఎప్పుడో ఒకప్పుడు ఎదురగునదే. మన భాషనుండి వెళ్లిన పదము పరశాస్త్రమున పరిభాషయై తిరిగివచ్చినప్పుడు, అది మన పదమే యని భ్రమపడుట సులభము.

మొదట సమితి శబ్దమును చూతము. సమ్ అను ఉపసర్గతో కూడిన ఇణ్ ధాతువునకు క్తిన్ ప్రత్యయము చేరగా సిద్ధించిన ఈ శబ్దమునకు కలిసి వచ్చుట యనునది అవయవార్థము. వేదమున సభ, సమితి యను రెండు పదములు జనుల కూటములకు వాడబడినవి. అమరసింహుడు సమూహమునకు ఇరువదికి పైగా పర్యాయములను చెప్పి, ఆ పిమ్మట వానిలో భేదములను వివరించెను. సమానములైన వాని కూటము వర్గము. సజాతీయప్రాణుల కూటము కులము. మృగముల కూటము యూథము. పశువుల గుంపునకు సమజమనియు, ఇతరుల కూటమునకు సమాజమనియు హ్రస్వదీర్ఘములచేతనే భేదము చూపెను. అనగా మన భాషలో సముదాయవాచకము తనలో చేరిన వస్తువుల స్వభావమును గూడ సూచించును. యూథమనగానే మృగములు స్ఫురించును. రాశి యనగానే ధాన్యము స్ఫురించును.

గణితశాస్త్రమునకు కావలసినది దీనికి విపరీతము. చేరిన వస్తువులేవో చెప్పని పదము దానికి కావలెను. జర్మనీదేశీయుడైన గేయోర్గ్ కాంటర్ (1845–1918) 1895లో ప్రకటించిన వ్యాసమున సమితికి ఇచ్చిన నిర్వచనముయొక్క సారమిది: మన బుద్ధికి గోచరించునట్టి, నిశ్చితములును పరస్పరభిన్నములును అగు వస్తువులను ఒకటిగా సంగ్రహించుటయే సమితి. చంద్రుడు, మూడను సంఖ్య, తుంగభద్ర అను వానికి సామాన్యధర్మము వెదకనక్కరలేదు. ఆ మూడును నిశ్చితములు, భిన్నములు, అంతియే చాలును.

ఈ అర్థమును ధరించుటకు ఐరోపా భాషలలోని పదములును శ్రమపడినవి. కాంటర్ వాడిన మెంగె అను జర్మన్ మాటకు లోకమున పెద్ద మొత్తము, గుంపు అని యర్థము. డెడెకిండ్ 1888 నాటి గ్రంథమున సిస్టమ్ అను పదమును వాడెను. ఫ్రెంచివారు కలిసి అను అర్థముగల అన్సాంబ్ల్ శబ్దమును గ్రహించిరి. ఆంగ్లమున మొదట అగ్రిగేట్ అను మాట నడచి, తరువాత సెట్ అనునది స్థిరపడెను. మన దేశమున హిందీవారు సముచ్చయమనిరి. కన్నడ, తమిళ, మలయాళములవారు గణమనిరి. తెలుగువారు సమితి యనిరి. పదము ఏదైనను ఒక చిక్కు అన్ని భాషలలోను కలదు. గుంపు అనినను, కలిసివచ్చుట అనినను పెక్కు వస్తువులుండవలెనని లోకప్రతీతి. ఒకే వస్తువుగల సమితి, ఏ వస్తువును లేని సమితి అనగానే శబ్దము యొక్క యోగార్థము అడ్డుతగులును. డెడెకిండ్ తన గ్రంథమున శూన్యసమితిని కావలెననియే విడిచిపెట్టెను. స్వీకరింపబడిన 1908లో సైతము సెర్మెలో దానిని ముఖ్యముకాని సమితి యను భావముతోనే పేర్కొనెను. కావున బాలికకు కలిగిన సందేహము అల్పమైనది కాదు.

ఇక నిశ్చితములు అను విశేషణమును పరిశీలింతము. పాణినీయ గణపాఠమున సర్వాది గణము కలదు. అందలి శబ్దములు ముప్పదియైదని సంప్రదాయము. ఒక శబ్దము అందు చేరునా చేరదా అనుటకు పట్టికయే ప్రమాణము. ఇది కాంటర్ కోరిన నిశ్చయమునకు దగ్గరగా నున్నది. అర్శఆది గణము అట్టిది కాదు. అది ఆకృతిగణము. శిష్టప్రయోగమునుబట్టి క్రొత్త శబ్దములు అందు చేరుచుండును. దాని హద్దు ముందుగా గీయబడలేదు. గణమను పేరు రెంటికిని సమానమే యైనను, మొదటిదానిని సమితి యనవచ్చును. రెండవదానిని హద్దు నిర్ణయింపక సమితి యనరాదు.

ప్రత్యాహారములలోను ఇట్టి నియమమే కనబడును. అణ్ అను ప్రత్యాహారమును మొదటి ణకారముతో గ్రహించినచో అ, ఇ, ఉ అను మూడు వర్ణములే వచ్చును. రెండవ ణకారముతో గ్రహించినచో తొమ్మిది అచ్చులును, హ, య, వ, ర, ల అను ఐదును కలిసి పదునాలుగగును. పేరు ఒకటే, సమితులు రెండు. ఏ సూత్రమున ఏది గ్రాహ్యమో నిర్ణయించుటకు వ్యాఖ్యాతలు పడిన శ్రమ యెంతయో వ్యాకరణవిద్యార్థులకు తెలియును. సమితిని చెప్పువాడు దాని హద్దును గూడ చెప్పవలెనను నియమము ఎందుకు కావలసివచ్చినదో ఈ యొక్క ఉదాహరణముచేతనే తెలియుచున్నది.

విద్యార్థులు ఎక్కువగా తడబడునది చెందుట, ఉపసమితి యగుట అను రెండు సంబంధములయెడ. తెలుగులో రెంటికిని ఉండుట అను క్రియనే వాడుట అందులకు ఒక కారణము. ఇకారము అచ్చులలో ఉన్నది. ఇక్కు కూడ అచ్చులలో ఉన్నది. మొదటి వాక్యమున ఇకారము అచ్చను సమితికి మూలకము. రెండవదానిలో ఇక్కు అను నాలుగు వర్ణముల సమితి, తొమ్మిది వర్ణముల అచ్చునకు ఉపసమితి. ఇక్కు స్వయముగా ఒక వర్ణము కాదు గనుక అచ్చునకు మూలకము కానేరదు. ఈ తడబాటు విద్యార్థులకే కాదు, డెడెకిండ్ వంటివానికిని తప్పలేదు. ఆయన రెండు సంబంధములకును ఒకే చిహ్నము వాడెను. 1889లో ఇటలీదేశీయుడగు పెయానో చెందుటకు ప్రత్యేకచిహ్నమును కల్పించెను.

తర్కము చదివినవానికి ఈ భేదము క్రొత్తది కాదు. ఈ ఘటము ఘటత్వము కలది అనుట ఒకటి. ఘటత్వము పృథివీత్వమునకు వ్యాప్యము, పృథివీత్వము ద్రవ్యత్వమునకు వ్యాప్యము అనుట మరియొకటి. మొదటిది వ్యక్తికి సంబంధించినది, రెండవది వ్యాప్యవ్యాపకభావము. వ్యాప్తి ఒకదానినుండి మరియొకదానికి సాగిపోవును. ఘటత్వము ద్రవ్యత్వమునకును వ్యాప్యమే. చెందుట అట్లు సాగదు. అష్టాధ్యాయిని ఎనిమిది అధ్యాయముల సమితిగా తలచినచో మూలకములు ఎనిమిది. పాదముల సమితిగా తలచినచో ముప్పదిరెండు. సూత్రముల సమితిగా తలచినచో నాలుగువేలకు సమీపము. గ్రంథము ఒకటే. పాదము అధ్యాయమునకు చెందినను, అధ్యాయముల సమితికి చెందదు. ఈ విషయము బోధపడినవానికి తక్కినది సుగమము.

పెక్కు వస్తువులు ఒకటి యగుట యెట్లు అనుటకు వ్యాకరణమున చక్కని దృష్టాంతము గలదు. ద్వంద్వము ఇతరేతరయోగమున రామలక్ష్మణౌ అని ద్వివచనమున ఉండును. సమాహారమున పాణిపాదమ్ అని ఏకవచనమున ఉండును. మొదటిదానిలో ఇద్దరు ఇద్దరుగనే నిలిచిరి. రెండవదానిలో అవయవములు ఒక మొత్తముగ చెప్పబడినవి. బర్ట్రండ్ రస్సెల్ 1903 నాటి గ్రంథమున పెక్కుగా గ్రహింపబడిన వర్గము, ఒకటిగా గ్రహింపబడిన వర్గము అని భేదమును చర్చించెను. సమితి యనునది సమాహారమువంటిది. పెక్కింటిని ఒకటిగా గ్రహించిన పిమ్మటనే అది మరియొక సమితికి మూలకము కాగలదు.

ఇంతవరకు సాదృశ్యములు. వైధర్మ్యములును చెప్పకున్నచో విచారము అసమగ్రమగును. జాతిని సమితితో సమానముగ చెప్పు అలవాటు కొందరికి కలదు. ఉదయనాచార్యులు కిరణావళిలో జాతిబాధకములను నిరూపించిరి. వానిని సమితితో పోల్చినచో ఒకటి అనుకూలించును, తక్కినవి వికటించును. ఘటత్వము, కలశత్వము అను రెంటికిని ఆశ్రయములు అవియే గనుక రెండు జాతులు కావు అనుట తుల్యత్వము. ఒకే మూలకములుగల సమితులు రెండు కావు, ఒకటే యను గణితనియమమునకు ఇది అనుకూలము. ఇక రెండవది. ఆకాశము ఒక్కటే గనుక ఆకాశత్వము జాతి కాదు. గణితమునందు ఏకమూలకసమితి నిర్దోషమైన సమితి.

మూడవది సాంకర్యము. భూతత్వము పృథివి, జలము, తేజస్సు, వాయువు, ఆకాశము అను ఐదింట కలదు. మూర్తత్వము పృథివి, జలము, తేజస్సు, వాయువు, మనస్సు అను ఐదింట కలదు. రెండును నాలుగింట కలియుచు, ఒక్కొక్కచోట విడిపోవుటచే సాంకర్యము వచ్చి జాతులు కాకపోయినవి. గణితజ్ఞునకు ఇందు దోషమే లేదు. ఛేదనము నాలుగు మూలకములది, సమ్మేళనము ఆరు మూలకములది అని లెక్కకట్టి ఆయన సంతోషించును. తార్కికునకు బాధకమైనది ఆయనకు ఉదాహరణమగుచున్నది. కావున జాతి వేరు, సమితి వేరు. జాతి వస్తుస్వభావమును అన్వేషించుచున్నది. సమితికి ఆ చింత లేదు.

మరునాటి ఉదయమున ఆ వృద్ధుడు బాలికను పిలిచి ఛందస్సుతో మొదలుపెట్టెను. “మూడక్షరాల గణాలు ఎన్ని?” అనెను. “ఎనిమిది. యమాతారాజభానసలగం వచ్చు నాకు” అని ఆమె బదులుచెప్పెను. “మూడు స్థానాలనే ఒక సమితి అనుకో. గురువు ఎక్కడెక్కడ ఉందో అంత మేరకే ఏరుకో” అని ఆయన పలకపై వ్రాసి చూపెను. భగణమున గురువు మొదటి స్థానమున, జగణమున రెండవదానియందు, సగణమున మూడవదానియందు కలదు. తగణమున మొదటి రెండు, రగణమున మొదటిదియు మూడవదియు, యగణమున చివరి రెండు స్థానములు గురువులు. మగణమున మూడును గురువులు. నగణమున ఒక్కటియు లేదు. మూడు స్థానముల సమితికి గల ఉపసమితులు ఈ యెనిమిదియే. వానినన్నిటిని మూలకములుగ గల సమితినే గణితమున ఘాతసమితి యందురు.

“నగణంలో గురువు లేదు కదా అని నగణమే లేదంటామా?” అని ఆయన అడిగెను. బాలిక కొంతసేపు ఆలోచించి, “లేదు తాతగారూ, అది లేకపోతే ఏడే అవుతాయి” అనెను. ఏ స్థానమును ఏరుకొనకుండుటయు ఒక విధమైన ఏరిక యే. మూడు స్థానములున్నను, నాలుగున్నను, ఎన్ని ఉన్నను ఆ ఏరిక అన్నిచోట్లను సంభవించును. శూన్యసమితి ప్రతి సమితికిని ఉపసమితి యనుటకు ఇంతకుమించి అర్థము లేదు. శాస్త్రీయముగ చెప్పవలెనన్నచో, ఉపసమితి కాదనుటకు తనలో ఉండి రెండవదానిలో లేని మూలకము నొకదానిని చూపవలెను. శూన్యసమితిలో చూపదగినది లేదు గనుక నిషేధమునకు అవకాశమే లేదు. ఏమీ లేకుండుట వేరు, ఏమీ లేని సమితి ఉండుట వేరు. క్విప్ ప్రత్యయము సర్వము లోపించినను అది వచ్చిన కార్యము పదమున నిలిచియుండుట వైయాకరణులెరిగినదే.

స్థానము ఒక్కటి పెరిగినప్పుడెల్ల ఏరికలు రెట్టింపగును. మూడింటికి 8, నాలుగింటికి 16. ఇరువది యక్షరముల కృతిఛందమునకు 10,48,576 వృత్తములనియు, ఇరువదియారక్షరముల ఉత్కృతికి 6,71,08,864 అనియు ప్రస్తారగణన చెప్పుచున్నది. పింగళుని ఛందశ్శాస్త్రము నుండి వచ్చిన ఈ గణనము ఘాతసమితి సంఖ్యతో సరిగా సరిపోవును.

సంతోషముతో బాలిక వెంటనే, “అయితే ఇదంతా మనవాళ్లకు ముందే తెలుసన్నమాట!” అనెను. ఔను అనుటకు పండితుని నాలుక తుద వరకు వచ్చెను. ఆ మాట అనినచో మనుమరాలు గర్వపడును, తనకును తృప్తి. కాని రాత్రి చదివిన పుస్తకము ఆయనను ఆపెను. “ఇంతవరకు తెలుసమ్మా. ఇక్కడినుంచి తెలియదు” అని ఆయన చెప్పెను. ఎక్కడినుండి తెలియదో చెప్పుట ఇచ్చట అవశ్యకర్తవ్యము.

ఇక్కునకు యణ్ ఆదేశమగునప్పుడు ఇకారమునకు యకారము, ఉకారమునకు వకారము, ఋకారమునకు రేఫము, ఌకారమునకు లకారము వరుసగా వచ్చును. సమసంఖ్యాకములకు యథాసంఖ్యముగ సంబంధమని పాణిని విధించెను. అచ్చట సంఖ్య సమానమని ముందుగా తెలిసియుండి, ఆ పిమ్మట జత కలుపుట జరుగుచున్నది. కాంటర్ ఈ క్రమమును తలక్రిందులు చేసెను. జత కలిసినచో సంఖ్య సమానమని చెప్పెను. లెక్కింప శక్యముకాని సమితులకు గూడ అప్పుడు పోలిక సాధ్యమాయెను. 1, 2, 3 అను సంఖ్యలన్నింటికిని 2, 4, 6 అను సరిసంఖ్యలకును జత కలియును గనుక, భాగము మొత్తముతో సమసంఖ్యాకమగుట అనంతమున సంభవమే యని తేలెను. వాస్తవసంఖ్యలకు మాత్రము ఆ జత కలియదని ఆయన 1874లో నిరూపించెను. ఏ సమితికైనను, అనంతమైనదానికైనను, దాని ఘాతసమితి అంతకంటె పెద్దదని 1891లో చూపెను. భాస్కరాచార్యులు ఖహరరాశిని అనంతుడగు అచ్యుతునితో పోల్చి, ఎన్ని కలిపినను తీసినను మారదనిరి. జైనులు అనంతమునందును భేదములు చెప్పిరి. ఐనను అనంతములలో తారతమ్యమును ఈ జతకూర్పుతో ఉపపత్తిపూర్వకముగ నిరూపించుట కాంటర్ నాటి మాటయే.

ఒక పదార్థమును సరిగా నిర్ణయింపకపోవుట యెంత ప్రమాదమో తెలుపు వృత్తాంతము ఒకటి ఆ పిమ్మట జరిగెను. జర్మనీయందు గోట్లోబ్ ఫ్రేగె గణితమునంతటిని తర్కముపై నిలుపుటకు అనేక సంవత్సరములు శ్రమించెను. ఆయన గ్రంథముయొక్క ద్వితీయసంపుటము ముద్రణలో నుండగా, 1902 జూన్ 16వ తేదీన రస్సెల్ ఒక లేఖ వ్రాసెను. తమకు తాము మూలకములు కాని సమితులన్నింటిని ఒక సమితిగ గ్రహింతము. అది తనకు మూలకమా? అగునన్నచో నియమముచే కాకపోవలెను. కాదన్నచో నియమముచే కావలెను. ఏ ధర్మము చెప్పినను దానికొక సముదాయముండునను విశ్వాసము ఆ లేఖతో కూలెను. ఫ్రేగె ఆ లేఖలోని దోషమును దాచలేదు. 1903లో వెలువడిన ఆ సంపుటము చివర అనుబంధముగ దానిని తానే ప్రకటించెను.

ఆ పిమ్మట సెర్మెలో 1908లో, సిద్ధముగనున్న సమితినుండియే ధర్మమునుబట్టి ఏరుకొనవలెనని నియమించెను. 1925లో వాన్ నోయ్‌మన్ దేనికిని మూలకము కాజాలని మహాసముదాయములను సమితులనుండి వేరుచేసెను. జాతికి జాతి నంగీకరించినచో అనవస్థ వచ్చునని మన తార్కికులు చెప్పిరి. ఆ జాగరూకత శ్లాఘ్యము. ఐనను అనవస్థ వేరు, ఈ వ్యాఘాతము వేరు. మొదటిదానిలో విశ్రాంతి లేదు. రెండవదానిలో రెండు పక్షములును పరస్పరము నశింపజేసికొనుచున్నవి. రెంటిని ఒకటి యనుట మన శాస్త్రమునకును మేలు చేయదు, ఆ శాస్త్రమునకును మేలు చేయదు.

మహాసముదాయములకు తెలుగున పేరు పెట్టబోవువానికి ఇంకొక చిక్కు కలదు. వర్గమనిన గణితమున ఒక సంఖ్యను దానితోనే గుణింపగా వచ్చిన ఫలము. సమూహమనునది బీజగణితమున మరియొక పరిభాషయై స్థిరపడినది. జాతి యనిన తార్కికుడు అడ్డుతగులును. గణమనిన ఛాందసుడు మూడక్షరములు లెక్కించును. పదములు కొరతపడినవి కావు. ఒక్కొక్క పదమునందును పూర్వశాస్త్రముల అర్థములు అప్పటికే నెలకొనియున్నవి. పదకొండవ శతాబ్దమున పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితమును తెలుగు చేసినప్పుడు ఇట్టి కష్టమే పడియుండును. ఏ పదమును గ్రహించినను, గ్రహించిన అర్థమెంత, విడిచిన అర్థమెంత అని రెండును చెప్పినప్పుడే పరిభాష నిలుచును.

సంస్కృతపాఠశాలలలో చదివినవారు ఈ శాస్త్రమునకు పరాయివారు కారు. హద్దు నిర్ణయించుట, వ్యాప్యవ్యాపకములను విడదీయుట, సమాహారమును గుర్తించుట వారికి అభ్యస్తములే. ఆ అభ్యాసము క్రొత్త శాస్త్రమును గ్రహించుటకు ఉపకరించును. దానిని ముందే ఎరిగియుంటిమని చెప్పుటకు మాత్రము అది ప్రమాణము కాదు.

ఆ సాయంకాలము బాలిక మరల వచ్చి, “తాతగారూ, నాలుగు మూలకాలకు పదహారు వచ్చాయి. అన్నీ రాశాను” అని కాగితము చూపెను. ఆయన కళ్లద్దములు సవరించుకొని ఒక్కొక్కటి లెక్కించెను. పదునైదే యున్నవి. “ఏదో వదిలావే తల్లీ” అనెను. ఆమె కాగితమును తిరిగి తీసికొని కొంతసేపు చూచి, నవ్వుచు, పట్టిక చివర రెండు గీతల నడుమ ఏమియు వ్రాయక ఖాళీగ విడిచి ఇచ్చెను.